వేసవి సెలవులు, ఒక తెగని ప్రశ్న

కరోనా రోజుల్లో ఆర్టీ-పీసీఆర్ అన్న మాట పలకని తెలుగిల్లు లేదు. ముక్కులో పుల్ల పెట్టించుకుని, రిపోర్టు వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న వాళ్లందరికీ ఆ పేరు గుర్తుంటుంది. అందులో 'ఆర్టీ' అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్. ఆర్‌ఎన్‌ఏలో ఉన్న రాతను చదివి డీఎన్‌ఏగా తిరగరాయడం. ఆ పని చేసే ఎంజైమును 1970లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరి దారిన వాళ్లు కనిపెట్టారు. ఒకరు విస్కాన్సిన్‌లో హోవర్డ్ టెమిన్, ఇంకొకరు ఎంఐటీలో డేవిడ్ బాల్టిమోర్. ఇద్దరి పరిశోధన పత్రాలూ 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. 1975లో రెనాటో డుల్బెకోతో కలిపి ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ ఇద్దరికీ పరిచయమైంది ఏ పెద్ద విశ్వవిద్యాలయంలోనూ కాదు. 1955 వేసవిలో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో. అక్కడి జాక్సన్ లాబొరేటరీ స్కూలు పిల్లల కోసం వేసవి కార్యక్రమం నడిపేది. బాల్టిమోర్ అప్పటికింకా హైస్కూలు కుర్రాడు. టెమిన్ అప్పుడే డిగ్రీ చేతికి అందుకున్నవాడు, పైగా ఆ ప్రయోగశాలకు పాతకాపు. పధ్నాలుగేళ్ల వయసులో, 1949 వేసవిలో, మొదటిసారి అక్కడ అడుగుపెట్టాడు. పిల్లలకు దారి చూపే పెద్దన్నలా ఉండేవాడు. ఎలుకల బోనుల మధ్య గడిచిన ఆ సెలవులే తనను జీవశాస్త్రం వైపు తిప్పాయని బాల్టిమోర్ తర్వాత రాసుకున్నాడు.

ఇవాళ న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో, బే ఏరియాలోనో పదకొండో తరగతి పిల్లలున్న తెలుగిళ్లలో శీతాకాలం వచ్చిందంటే వేసవి సైన్స్ కార్యక్రమాల కోసం ఒకటే హడావిడి. "మీ వాడు ఆర్‌ఎస్‌ఐకి పెట్టాడా వదినా?", "మా అమ్మాయి ఎస్‌ఎస్‌పీకి ఎస్సేలు రాస్తోంది, రికమెండేషన్ లెటర్ ఇంకా రాలేదు" అన్న మాటలు పూజల్లోనూ పుట్టినరోజుల్లోనూ వినిపిస్తాయి. సీట్లు చూస్తే కొద్ది. అప్లికేషన్లు వేలల్లో. కాలేజీ సీటుకు అది ఒక మెట్టని అందరికీ తెలుసు కాబట్టి ఆందోళన సహజమే. కానీ ఆ మెట్టు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, తొలి రోజుల్లో పిల్లలను ఏం అడిగి లోపలికి తీసుకున్నారు అన్నది ఈ హడావిడిలో మరుగున పడిపోయింది. తెలుసుకుంటే ఆ అప్లికేషన్ ఫారాన్ని చూసే చూపే మారుతుంది.

జాక్సన్ లాబొరేటరీ కథ ఆ ప్రయోగశాల కంటే పాతది. క్లారెన్స్ కుక్ లిటిల్ అనే జన్యుశాస్త్రవేత్త మెయిన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1924 వేసవిలో, కొద్దిమంది విద్యార్థులను బార్ హార్బర్‌కు తీసుకొచ్చి గుడారాలు వేయించాడు. పుస్తకంలో చదివే జీవశాస్త్రం వేరు, బతికున్న జీవిని రోజూ చూస్తూ నేర్చుకునేది వేరు అని ఆయన నమ్మకం. ఐదేళ్ల తర్వాత, 1929లో, కార్ల వ్యాపారుల విరాళంతో ప్రయోగశాల పెట్టాడు. దానికి పెట్టిన పేరు హడ్సన్ మోటార్ కంపెనీకి పెద్దగా ఉన్న రాస్కో జాక్సన్‌ది. ఒకే వంశానికి చెందిన ఎలుకలను తరాల తరబడి పెంచి, క్యాన్సర్‌కు వంశపారంపర్యంగా ఏమైనా కారణం ఉందా అని చూడడం అక్కడి పని. 1947 అక్టోబరులో ఊరిని చుట్టుముట్టిన కార్చిచ్చు ప్రయోగశాలనూ వేలాది ఎలుకలనూ బూడిద చేసింది. అంతకుముందు తమకు ఎలుకలు ఇచ్చిన ఋణం తీర్చుకుంటూ ఎక్కడెక్కడి ప్రయోగశాలలూ అవే వంశాల ఎలుకలను తిరిగి పంపాయి. రెండేళ్లకే టెమిన్ లాంటి పిల్లలు అక్కడ మళ్లీ బోనులు శుభ్రం చేస్తూ, లెక్కలు రాస్తూ కనిపించారు.

ఈ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. ఫీజు లేదు సరికదా, వచ్చిన పిల్లలకే స్టైపెండ్ ఇస్తారు. సముద్రానికి ఎదురుగా ఉన్న హైసీస్ అనే పాత భవంతిలో బస. ఆ వేసవి విద్యార్థుల్లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. మూడో మనిషి 2009లో వైద్యశాస్త్ర బహుమతి పంచుకున్న జాక్ షోస్టాక్.

లెక్కల వైపు ఇలాంటి తలుపు తెరిచిన మనిషి ఆర్నాల్డ్ రాస్. ఆయన బతుకే ఒక నవల. 1906లో షికాగోలో పుట్టాడు, పసితనంలోనే కుటుంబం ఒడెస్సాకు తీసుకుపోయింది. అంతర్యుద్ధం, ఆకలి మధ్య పెరిగాడు. అక్కడ శాతునోవ్‌స్కీ అనే గొప్ప గణిత ఉపాధ్యాయుడు ఆ కుర్రాడికి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాడు. రూబుళ్లకు విలువ లేని రోజులు. ఫీజు కింద ఒక పౌను ఫ్రెంచి చక్కెర బిళ్లలు పుచ్చుకున్నాడట. 1922లో రాస్ షికాగో తిరిగొచ్చి చదువుకుని ప్రొఫెసరయ్యాడు. ఆ చక్కెర బిళ్లల పాఠాన్ని మాత్రం మరవలేదు.

1957 వేసవిలో, నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో, రాస్ హైస్కూలు పిల్లలను పోగుచేసి సంఖ్యా సిద్ధాంతపు తరగతి మొదలుపెట్టాడు. 1964 నాటికి కార్యక్రమం ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి మారింది. రాస్ 1976లో ఉద్యోగ విరమణ చేసినా వేసవి తరగతి మానలేదు. తొంభై దాటాక, 2000లో పక్షవాతం వచ్చేదాకా ఏటా పిల్లల ముందు నిలబడ్డాడు. 2002లో కన్నుమూశాడు.

ఆ తరగతిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. మొదటి రోజు పిల్లలకు ఇచ్చేది కొత్త సంగతి కాదు, చిన్నప్పటి నుంచి వాడుతున్న పూర్ణాంకాలే. కూడిక, గుణకారం పాటించే నియమాలు కొన్ని రాసిచ్చి, "సున్నాను దేనితో గుణించినా సున్నాయే అని వీటి నుంచి రుజువు చేయండి" అంటారు. ఎక్కాలు గడగడా ఒప్పజెప్పే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. తనకు తెలుసనుకున్నది తనకు నిజంగా తెలియదని మొదటిసారి అర్థమవుతుంది. తర్వాత గడియారపు లెక్కలు వస్తాయి. పదింటికి ఐదు గంటలు కలిపితే పదిహేను కాదు, మూడు. అలాంటి చుట్టూ తిరిగే సంఖ్యల లోకంలో భాగహారం ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు? చేత్తో పట్టికలు వేసుకుని, అందులో ఏదో క్రమం కనిపిస్తే, అది ఎప్పుడూ నిజమేనా అని తేల్చుకోవాలి. సమస్యల కాగితం మీద తరచూ ఒక ఆజ్ఞ ఉంటుంది: రుజువు చెయ్యి, లేదా తప్పని తేల్చు, తప్పైతే అందులో మిగుల్చుకోగలిగింది మిగుల్చు. ఆ మూడో మాటలోనే పరిశోధకుడి బుద్ధి అంతా ఉంది. తప్పని తేలిన ఆలోచనను చెత్తబుట్టలో పడేయకుండా, ఏ షరతు కలిపితే అది నిలబడుతుందో వెతకడం ఏ పరీక్షా నేర్పదు.

అప్లికేషన్ కూడా ఆ ధోరణిలోనే సాగుతుంది. రాస్ కార్యక్రమానికీ, దాని దగ్గర పాఠం నేర్చి 1989లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రామిస్‌కూ దరఖాస్తు చేయాలంటే మార్కుల జాబితా ఒక్కటే చాలదు. కొన్ని కఠినమైన లెక్కలు ఇంటికి పంపుతారు. గడియారం పెట్టి పరీక్ష రాయించరు. వారాల తరబడి కూర్చోవచ్చు. జవాబు సగమే వచ్చినా ఆ సగాన్నే, ఎక్కడిదాకా వెళ్లి ఎందుకు ఆగిపోయిందీ చెబుతూ పంపమంటారు. పోటీ పరీక్షల ఊపులో పెరిగిన మన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. మనకు లెక్క అంటే నిమిషంన్నరలో తేలిపోవాలి. అక్కడ ఒకే లెక్కతో పది రోజులు కాపురం చేయగలవా అని అడుగుతున్నారు.

రాస్ తొలి తరగతి ముగిసిన కొద్ది వారాలకే, 1957 అక్టోబరు 4న, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. అమెరికాకు ఒక్కసారిగా తన బడుల మీద బెంగ పట్టుకుంది. మరుసటి ఏడాది జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ హైస్కూలు పిల్లల వేసవి శిక్షణకు డబ్బు కుమ్మరించడం మొదలుపెట్టింది. పదుల కొద్దీ విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకున్నాయి. వాటిలో చాలామటుకు నిధులు ఉన్నంత కాలం నడిచి ఆగిపోయాయి. కొన్ని మాత్రం వేళ్లూనుకున్నాయి.

వేళ్లూనుకున్న వాటిలో సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ (ఎస్‌ఎస్‌పీ) అందమైనది. దక్షిణ కాలిఫోర్నియాలో ఒహాయ్ లోయ, నారింజ తోటలు, చుట్టూ కొండలు. అక్కడి థాచర్ స్కూల్లో 1959 వేసవిలో అది మొదలైంది. పని ఒక్కటే: ప్రతి పిల్లవాడూ ఒక గ్రహశకలాన్ని తన కళ్లతో చూసి, తన చేత్తో కొలిచి, దాని కక్ష్యను తన బుర్రతో లెక్కకట్టాలి. అరవై ఏళ్లు దాటినా ఖగోళ విభాగంలో ఆ పని మారలేదు.

ఆ లెక్కకు పాత చరిత్ర ఉంది. 1801 జనవరి 1 రాత్రి సిసిలీలో పియాజ్జీ అనే ఖగోళ శాస్త్రవేత్త సెరీస్‌ను చూశాడు. కొన్ని వారాలు వెంబడించాక అది సూర్యుడి వెలుగులోకి జారిపోయింది. మళ్లీ ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇరవై నాలుగేళ్ల గాస్ కాగితం కలం పట్టుకుని, ఉన్న కొద్దిపాటి కొలతల నుంచే కక్ష్యను తేల్చాడు. ఆ ఏడాది చివరి రోజు రాత్రి ఆయన చెప్పిన దిక్కునే సెరీస్ మళ్లీ దొరికింది.

ఒహాయ్ పిల్లలు అదే దారిలో నడిచారు. రాత్రి దూరదర్శిని దగ్గర చలికి వణుకుతూ ఆకాశంలో ఒక ముక్కను గాజు పలక మీద ఫొటో తీయడం. కొన్ని రాత్రుల తర్వాత అదే ముక్కను మళ్లీ తీయడం. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం పక్కకు జరుగుతుంది. అదే గ్రహశకలం. పలకను సూక్ష్మదర్శిని బిగించిన కొలత బల్ల మీద పెట్టి, చుట్టూ ఉన్న నక్షత్రాల నుంచి ఆ చుక్క ఎంత దూరంలో ఉందో వెంట్రుక వాసి తేడా లేకుండా కొలవాలి. అలాంటి మూడు రాత్రుల కొలతలు ఉంటే కక్ష్యను పట్టి చెప్పే ఆరు అంకెలు రాబట్టవచ్చు. అప్పుడు వాళ్ల దగ్గర కంప్యూటర్లు లేవు. గరగరమని పళ్ల చక్రాలు తిరిగే లెక్కల యంత్రాల మీద, పది అంకెల సంఖ్యలను గుణిస్తూ, భాగిస్తూ, గంటలు గడిచేవి. నడుమ ఒక్క అంకె తప్పితే సాయంత్రానికి వచ్చిన కక్ష్య ఏ గ్రహశకలానిదీ కాదు. మళ్లీ మొదటికి రావాలి. కొలత తప్పా, లెక్క తప్పా అని వెతుక్కుంటూ తెల్లవారేది.

చివరికి అంకెలు కుదిరినప్పుడు కలిగే అనుభూతి ఎలాంటిదో ఆ పిల్లలు జీవితాంతం చెప్పుకున్నారు. మాటలతో ఆగలేదు కూడా. 1999 ప్రాంతంలో స్కూలు ఈ కార్యక్రమాన్ని ఆపేయాలనుకున్నప్పుడు పూర్వ విద్యార్థులే ఒక సంస్థగా ఏర్పడి భుజాన వేసుకున్నారు. న్యూమెక్సికోకు, తర్వాత కొలరాడోకు, ఇంకా ఇతర విశ్వవిద్యాలయాలకు విస్తరించారు. పిల్లల కొలతలు ఇప్పటికీ ప్రపంచమంతటి గ్రహశకలాల లెక్క దాచే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరతాయి. క్వాల్‌కామ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఫ్రాంక్లిన్ ఆంటోనియో కుర్రవాడిగా ఈ వేసవి గడిపిన మనిషి. 2022లో చనిపోతూ ఆయన ఈ కార్యక్రమానికి రాసిపెట్టి వెళ్లిన మొత్తం 20 కోట్ల డాలర్లు. ఆరు వారాల సెలవులకు ఒక మనిషి కట్టిన విలువ అది.

ఇక రిసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్. తెలుగు తల్లిదండ్రుల నోట ఆర్‌ఎస్‌ఐ. దాన్ని స్థాపించింది ఒక నౌకాదళ అధికారి అంటే ఆశ్చర్యం కలుగుతుంది. హైమన్ రికోవర్ పోలండ్‌లోని ఒక యూదు కుటుంబంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరాడు. అణుశక్తితో నడిచే తొలి జలాంతర్గామి నాటిలస్ ఆయన పట్టుదల ఫలం. 63 ఏళ్ల కొలువు తర్వాత, 82 ఏళ్ల వయసులో, 1982లో ఆయనను బలవంతంగా ఇంటికి పంపారు.

రికోవర్‌కు బడుల మీద బెంగ స్పుత్నిక్ నాటిది. 1959లోనే 'ఎడ్యుకేషన్ అండ్ ఫ్రీడమ్' అని పుస్తకం రాశాడు. తెలివైన పిల్లలను బడులు నిద్రపుచ్చుతున్నాయని ఆయన వాదన. తన దగ్గర పనిచేయబోయే ప్రతి అధికారినీ స్వయంగా ఇంటర్వ్యూ చేసేవాడు. ఆ ఇంటర్వ్యూలంటే నౌకాదళంలో హడల్. 1952లో జిమ్మీ కార్టర్ అనే యువ అధికారి వచ్చాడు. నావల్ అకాడమీలో 820 మందిలో తనకు 59వ ర్యాంకు వచ్చిందని గర్వంగా చెప్పాడు. రికోవర్ మెచ్చుకోలేదు. చేయగలిగిందంతా చేశావా అని మాత్రం అడిగాడు. కార్టర్ కాసేపు తటపటాయించి, ఎప్పుడూ అలా చేయలేదని నిజం ఒప్పుకున్నాడు. ఎందుకు చేయలేదు అన్నదే రికోవర్ ఆఖరి ప్రశ్న. దానికి జవాబు దొరకలేదు. తర్వాత దేశాధ్యక్షుడైన కార్టర్ ఆ ప్రశ్ననే తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు.

ర్యాంకు చెప్పుకోవడానికి వచ్చినవాడిని ర్యాంకు వెనకాల ఉన్న మనిషి గురించి అడగడం రికోవర్ అలవాటు. ఆయన స్థాపించిన సంస్థ అప్లికేషన్‌లో ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుందని ఈ చరిత్ర చదివినవారికి అనిపించక మానదు. మార్కులూ కావాలి, టీచర్ల లేఖలూ కావాలి. కానీ అసలు బరువు పిల్లలు రాసే ఎస్సేల మీద ఉంటుంది. నీకు ఏ రంగం ఇష్టం, అందులో ఏ ప్రశ్న నిన్ను వెంటాడుతోంది, దాని గురించి ఇప్పటిదాకా నువ్వేం చేశావు?

ఆర్‌ఎస్‌ఐ పుట్టిన సమయం కూడా గమనించదగ్గది. 1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విద్యా పద్దును దాదాపు ఊడ్చేసింది. స్పుత్నిక్ కాలపు వేసవి తరగతులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1983 ఏప్రిల్‌లో 'ఎ నేషన్ ఎట్ రిస్క్' అనే నివేదిక అమెరికా బడుల దుస్థితిని బయటపెట్టింది. అదే ఏడాది రికోవర్, జోఆన్ డిజెనారో అనే సహచరితో కలిసి, ఆర్‌ఎస్‌ఐని నడిపే సంస్థను స్థాపించాడు. 1984 వేసవిలో మొదటి బృందం వచ్చింది. ప్రభుత్వం వదిలేసిన చోట ఒక పదవీ విరమణ చేసిన మనిషి నిలబడ్డాడన్నమాట. 1986లో ఆయన పోయాక కూడా అది ఆగలేదు. 1992 నుంచి ఎంఐటీలో జరుగుతోంది. మొదటి వారం పాఠాలు, ఆ తర్వాత ఒక శాస్త్రవేత్త దగ్గర పరిశోధన, చివర్లో పత్రం రాసి అందరి ముందు చెప్పడం. చదువుకు గానీ బసకూ భోజనానికీ గానీ రూపాయి తీసుకోరు. అక్కడి పూర్వ విద్యార్థులు తమను తాము 'రికాయిడ్లు' అని పిలుచుకుంటారు.

విదేశీ పిల్లలకూ చోటుంది. 1989లో చెన్నై పద్మ శేషాద్రి స్కూలు నుంచి ఒక కుర్రాడు ఆర్‌ఎస్‌ఐకి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో భారత్ తరఫున రజత పతకం తెచ్చాడు. ఆ కుర్రాడే కణ్ణన్ సౌందరరాజన్. ఇవాళ స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, ప్రధాన సంఖ్యల మీద పనిచేసే పెద్దల్లో ఒకరు, 2011 ఇన్ఫోసిస్ బహుమతి గ్రహీత.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. పేరున్న ఉచిత కార్యక్రమాల్లో సీట్లు ఆశ పెరిగినంతగా పెరగలేదు. ఆ రెంటి నడుమ ఖాళీలో వ్యాపారం మొలిచింది. వేల డాలర్లు కడితే పిల్లవాడికి ఒక మెంటార్‌ను కుదిర్చి, పరిశోధన చేయించి, దాన్ని ఏదో ఒక పత్రికలో అచ్చు వేయించే సేవలు వచ్చాయి. 2023లో ప్రోపబ్లికా అనే అమెరికన్ వార్తాసంస్థ ఈ మార్కెట్ గురించి వివరంగా రాసింది. ఫీజు కట్టినవాళ్లందరూ మోసపోయారని కాదు, కొందరు పిల్లలు నిజంగానే నేర్చుకుంటారు. కానీ గాజు పలక మీద తన చుక్కను తానే వెతుక్కున్న పిల్లవాడికి, పేరు అచ్చులో చూసుకోవడం కోసం డబ్బు కట్టిన పిల్లవాడికి మధ్య ఉన్న దూరం ఏ సర్టిఫికెట్టూ పూడ్చలేదు. డబ్బు చెల్లించి తలుపు తెరిపించుకున్న చోట, "నిన్నెందుకు తీసుకోవాలి?" అన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఎదిగే వయసులో అడిగించుకోవలసిన ప్రశ్న అదే.

మన దేశంలో ఈ కథ ఉందా? ఉంది. మనం మరిచిపోయాం.

1961లో ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది. రెండేళ్లకు, 1963లో, ఢిల్లీలో జాతీయ సైన్స్ ప్రతిభా అన్వేషణ పథకం మొదలైంది. పదకొండో తరగతి పిల్లలకు 10 స్కాలర్‌షిప్పులు. 1964లో దేశమంతటికీ విస్తరించి 350 చేశారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పిల్లలకూ ఆ తలుపు తెరుచుకుంది. ఎంపిక ఎలా జరిగేదో చూస్తే మనసు కదులుతుంది. సైన్స్ అభిరుచి పరీక్ష ఒకటి, ఒక శాస్త్ర విషయం మీద వ్యాసం ఒకటి. వాటితోపాటు ప్రతి అభ్యర్థీ తాను స్వయంగా చేసిన ప్రాజెక్టు మీద నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. గెలిచినవాళ్లకు మౌలిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ దాకా సాయం. అరవై ఏళ్ల కింద, ప్రయోగశాలలో పరీక్షనాళికలు కూడా సరిగా లేని బడుల దేశంలో, పదహారేళ్ల పిల్లలను "నువ్వు ఏం చేసి చూశావు?" అని అడిగాం. రాస్ అడిగిన ప్రశ్నా, రికోవర్ అడిగిన ప్రశ్నా అదే.

1976లో 10+2+3 విధానం వచ్చినప్పుడు పథకం మారింది. ఇంజనీరింగ్, వైద్యం, సామాజిక శాస్త్రాలు చేర్చారు. పేరులోంచి 'సైన్స్' అన్న మాట పోయింది. అది ఎన్‌టీఎస్‌ఈగా మనకు తెలుసు. స్కాలర్‌షిప్పులు పెరిగాయి, అది మంచిదే. కానీ ప్రాజెక్టు నివేదికా, వ్యాసమూ పోయి, వాటి స్థానంలో బుద్ధి పరీక్ష ఒకటి, చదువు పరీక్ష ఒకటి, రెండూ సరైన జవాబు గుర్తించే రకం వచ్చాయి. లక్షల మందిని అలా వడపోయడం సులువు, దానికి ఖర్చూ తక్కువ. ప్రాజెక్టు నాన్న చేశాడో, మాస్టారు చేశారో అన్న అనుమానమూ ఉండదు. అయినా పోగొట్టుకున్నది చిన్నది కాదు. సరైన గడి నింపడం నేర్పే కోచింగ్ సెంటర్లకు ఆ రోజే నేల చదును చేసి ఇచ్చాం. 1999లో మొదలై, బెంగళూరు ఐఐఎస్‌సీ నడిపిన కేవీపీవై అనే స్కాలర్‌షిప్ పథకం మళ్లీ పరిశోధన మాట ఎత్తింది. ఎంపికైన పిల్లలకు వేసవి శిబిరాలు పెట్టింది, ప్రయోగశాలలు చూపించింది. దాన్ని 2022లో ఇన్‌స్పైర్ పథకంలో కలిపేశారు. ఎన్‌టీఎస్‌ఈ కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. రెండు తరాల తెలుగు పిల్లలను ఊరించిన రెండు పేర్లు ఒకే కాలంలో కనుమరుగయ్యాయి.

అలాగని తలుపులన్నీ మూసుకోలేదు. ఒలింపియాడ్ పరీక్షల్లో పైకి వచ్చిన పిల్లలకు ముంబైలోని హోమీ భాభా కేంద్రం వేసవి శిబిరాలు నడుపుతుంది. అక్కడ ప్రయోగాలకు కూడా మార్కులుంటాయి. ప్రామిస్ కార్యక్రమం బెంగళూరుకూ వచ్చింది, అదే ఇంటి లెక్కల పద్ధతితో.

అన్నిటికంటే మన పల్లెలకు దగ్గరైనది ఇస్రో 2019లో మొదలుపెట్టిన 'యువిక'. తొమ్మిదో తరగతి పిల్లల కోసం, మే నెలలో, దాదాపు రెండు వారాలు. మొదటి ఏడాది ఒక్కో రాష్ట్రం నుంచి ముగ్గురేసి. ఆ తర్వాత సంఖ్య పెరిగింది, కేంద్రాలూ పెరిగాయి. వాటిలో మన శ్రీహరికోట ఉంది, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. రైలు చార్జీ, బస, భోజనం అంతా ఇస్రో ఖర్చే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్ లెక్కలోకి వస్తాయి. సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే మార్కులుంటాయి. ఎన్‌సీసీలో, స్కౌట్స్‌లో ఉన్నవాళ్లకూ ఉంటాయి. గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివే పిల్లలకు ప్రత్యేకంగా అదనపు మార్కులున్నాయి. పట్నం పిల్లలకు లేని ఒక మొగ్గు పల్లె బడి పిల్లలకు ఇచ్చే జాతీయ స్థాయి సైన్స్ అవకాశాలు చాలా అరుదు.

బార్ హార్బర్ గుడారాలకూ, శ్రీహరికోట హాస్టలుకూ నడుమ ఇంచుమించు వందేళ్ల దూరం. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో అట్టముక్కతో, పాత మోటారుతో ఏదో ఒకటి చేసి నిలబెట్టిన పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి యువిక పేరు కూడా తెలియదు. ప్రకటన సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, గడువు త్వరగానే ముగుస్తుంది. మీ ఇంట్లోనో, మీ బడిలోనో తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి, దగ్గర కూర్చుని ఫారం నింపించండి. అందులో రాయవలసిన మాటలు మాత్రం వాళ్లనే రాయనివ్వండి.